చేయి పట్టి దిద్దించండి



గడచిన కార్తిక మాసంలో ఒకనాటి ఉదయం ఆఫీసుకు బయలుదేరుతూ చూతును గదా, మా దొడ్డమ్మ వీధి అరుగు మీద తూర్పు ముఖంగా కూర్చుని, స్తంభానికి ఆనించిన ఫోనులోకి తదేకంగా చూస్తున్నది. తల మీద కొంగు సవరించుకున్నది. ఒకసారి కళ్లు మూసి తెరిచినది. మళ్లీ చూపు నిలిపినది.

“ఎవరితో దొడ్డమ్మా మాటలు, ఇంత పొద్దున్నే?” అన్నాను.

“మాటలు కావు నాయనా. బతికే వున్నానని చెప్పుకుంటున్నాను. నన్ను కదిలించకు” అన్నది.

నవ్వు వచ్చినది గాని నవ్వలేదు. ఆమె అన్నది అక్షరాలా నిజం. మా పెద్దనాన్న రైల్వేలో పనిచేసి కాలం చేశారు. ఆయన తాలూకు కుటుంబ పెన్షను దొడ్డమ్మకు వస్తుంది. ఏటా నవంబరులో తాను సజీవంగా వున్నట్టు ఆమె రుజువు చూపాలి. చూపకపోతే పెన్షను నిలిచిపోతుంది. పూర్వం ఆ రుజువు కోసం బస్సెక్కి, సెమిలిగుడ మీదుగా కొరాపుట్ పోయి, బ్యాంకి బల్ల ముందు నిలబడేది. 2014 నవంబరు 10న ‘జీవన్ ప్రమాణ్’ అనే పద్ధతి వచ్చినది. ఆధారు నంబరు చెప్పి యంత్రం మీద వేలు పెడితే చాలునన్నారు. ఆ వేలు పెట్టడమే కష్టమైపోయినది. యాభై యేళ్లు బూడిదతో అంట్లు తోమి, చింతపండు పిసికిన చేతికి వేలి గీతలు ఎక్కడ మిగులుతాయి? యంత్రం మళ్లీ పెట్టమనేది, ఈమె మళ్లీ పెట్టేది. చివరకు 2021 నవంబరులో ముఖం చూపితే చాలునన్న పద్ధతి వచ్చినది. ఫోను ముఖాన్ని చూసి, ఆధారులో వున్న బొమ్మతో పోల్చుకుని, ఈమె ఫలానా అని ఒప్పుకుంటుంది.

మొదట రెండేళ్లు ఆ పని మేమే చేసిపెట్టాము. మేమంటే మా అబ్బాయి. “ఇటు చూడు మామ్మా” అనేవాడు, టకటక నాలుగు నొక్కులు నొక్కేవాడు, “అయిపోయింది” అని పరుగెత్తేవాడు. ఏమి అయినదో, ఎలా అయినదో ఆమెకు తెలియదు. మూడవ ఏడు గడువు దగ్గర పడే వేళకు నేను పని మీద జయపురం పోయాను. పిల్లవాడు వాళ్ల అమ్మమ్మగారి వూరు పోయాడు. దొడ్డమ్మకు తోచక, వీధిలో పోతున్న ఎవరో కుర్రవాణ్ణి పిలిచి, ఫోను వాడి చేతికిచ్చి, ఆధారు కార్డు, పెన్షను కాగితం, బ్యాంకి పుస్తకం అన్నీ వాడి ముందు పరచినది. కుర్రవాడు బుద్ధిమంతుడు గనుక పని చేసిపెట్టి, మంచినీళ్లు తాగి పోయాడు. కాకపోయి వుంటే? ఆ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిద్ర పట్టకపోవడానికి నాకొక సొంత కారణం కూడా వున్నది. అది కొంచెం ఆగి మనవి చేస్తాను.

మర్నాడే ఇంట్లో అనుకున్నాము. వచ్చే నవంబరుకు ఈ పని దొడ్డమ్మ తన చేత్తో తానే చేసుకోవాలి.

ఇక్కడ మన యిళ్లలో పెద్దలకు ఫోను నేర్పే తీరు ఒకసారి గమనించండి. పెద్దావిడ ఫోను పట్టుకుని, “ఇదిగో నాయనా, ఇది ఎలాగ?” అని అడుగుతుంది. పిల్లవాడు, “ఇలా తే” అని లాక్కుంటాడు. వాడి బొటనవేలు తేనెటీగలా నాలుగు చోట్ల వాలుతుంది. “ఇంతే! ఇందులో ఏముంది?” అని ఫోను తిరిగి యిచ్చేస్తాడు. దీనికి నేర్పడమని పేరు. నిజానికి అది పని చేసిపెట్టడమే. రెండవసారి అడిగితే విసుగు, మూడవసారి కసురు. నాలుగవసారి ఆమె అడగదు.

నేను మెట్రిక్యులేషను అయిన తర్వాత జయపురంలో టైపు నేర్చుకున్నాను. మా మాస్టారు నా మిషను మీద ఒక్కనాడూ తన చేయి వేయలేదు. ఎ, ఎస్, డి, ఎఫ్ అని అదే వరుస రోజుల తరబడి కొట్టించారు. తప్పు కొడితే కాగితం మార్చి మళ్లీ కొట్టమనేవారు గాని, “ఇలా తే” అని తాను కొట్టి చూపి వుంటే నేను ఇవాళ గుమాస్తాను అయ్యేవాణ్ణి కాను. ఈ విద్య కంటితో రాదు. వేలితో వస్తుంది.

అందుచేత మా అబ్బాయికి ఒక నియమం పెట్టాను. మామ్మ దగ్గర కూర్చున్నంతసేపూ వాడి చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని వుండాలి. నోటితోనే చెప్పాలి. మొదటి రోజు వాడు పడ్డ యాతన చూసి మా ఆవిడ కడుపు పట్టుకుని నవ్వినది. “ఆ పైన… కాదు మామ్మా, ఆ పక్కన… అయ్యో, అది కాదు!” నోటితో చెప్పడం మొదలుపెట్టిన తర్వాతనే, తనకు తెలిసిన పనిని మాటల్లో పెట్టడం తనకు తెలియదని వాడికి తెలిసినది.

మొదటి చిక్కు తాకడం దగ్గరే వచ్చినది. దొడ్డమ్మ కాలింగుబెల్లు నొక్కినట్టు గట్టిగా అదిమి పట్టేది. అదిమి పడితే ఫోను దాన్ని వేరే ఆజ్ఞ అనుకుంటుంది. తుడిచేయమంటావా, జరపమంటావా అని ఏవేవో అడుగుతుంది. ఆమె హడలిపోయి ఫోను కింద పెట్టేసేది. ఈ గాజు పలక బలానికి లొంగదు. గాజు అడుగున కంటికి కనబడని పలుచని పొరలో స్వల్పమైన విద్యుత్తు వుంటుంది. మన ఒంటిలో కూడ విద్యుత్తు పారే గుణం వున్నది గనుక, వేలు తగిలిన చోట ఆ లెక్క కొంచెం మారుతుంది. ఆ మార్పును బట్టి, వేలు ఫలానా చోట పడినదని ఫోను గ్రహిస్తుంది. గోటితో తాకితే పలకదు. తడి వేలైతే తికమక పడుతుంది. పనిచేసి కాయలు కట్టి, బాగా ఎండిన వేలైతే ఒక్కొక్కప్పుడు గుర్తించదు. అలాంటప్పుడు పెద్దలు, “నా చేతిలో ఏదో దోషం వున్నది” అనుకుంటారు. దోషం చేతిది కాదు. చేయి తుడుచుకుని, వేలి మెత్తని భాగంతో మెల్లగా తాకితే సరిపోతుంది. వేలితో తాకే తెరను గురించి ఇంగ్లండులో జాన్సన్ అనే ఇంజనీరు 1965లోనే వ్రాశాడు. మన చేతికి వచ్చేసరికి నలభై యేళ్లు దాటినది. మరి మన పెద్దలకు నాలుగు వారాలు పడితే ఆలస్యమంటామా?

మెల్లగా అంటే ఎంత మెల్లగా? ఈ ప్రశ్నకు మా అబ్బాయి దగ్గర జవాబు లేకపోయినది. మా ఆవిడ వంటింట్లోంచి అందించినది: “అట్ల పెనం కాలినదో లేదో చూడడానికి వేలు తగిలిస్తాము చూడండి, అలాగ దొడ్డమ్మగారూ!” అంతే, ఆ పూట నుంచి నొక్కడం పోయి తాకడం వచ్చినది. తర్వాత మేమందరమూ ఆ దారిలోనే ఆలోచించాము. తెరను పైకి తోయడానికి, చేటలో బియ్యం మీది పొట్టును వేలితో తోసినట్టు అన్నాము. బొమ్మను పెద్దది చేయడానికి రెండు వేళ్లు ఎడం చేయాలి గదా, అది ముగ్గు చిటికెను విడిచినట్టు. అదిమి పట్టడం కూడ కావలసిన చోట్లు వున్నాయి. అది వేలిముద్ర వేసినట్టు. ఇన్నేళ్లుగా ఆ చేతులకు అలవాటైన పనులే ఇవన్నీ. చేయి కొత్తగా నేర్చుకోవలసినది చాల తక్కువ, పేర్లే కొత్తవి.

రెండవ చిక్కు భాష. మా దొడ్డమ్మ పెద్ద బాలశిక్ష చదివినది. తెలుగు తప్ప వేరే లిపి తెలియదు. మా అబ్బాయి బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతాడు. తెలుగు మాట్లాడతాడే గాని చదవడం అంతంత మాత్రం. ఫోను ఇంగ్లీషులో వుంటే ఆమెకు అది బొమ్మల పుస్తకం. సెట్టింగులలోకి పోయి తెలుగు చేస్తే, ఇక పిల్లవాడు దిక్కులు చూశాడు. నందపూరు, కొరాపుట్, రాయగడ ప్రాంతాల మన కుటుంబాల్లో ఈ అవస్థ తెలియని యిల్లు అరుదు. చివరకు ఆమె పైకి చదవాలి, వాడు దారి చెప్పాలి అన్న ఒప్పందం కుదిరినది. ఆ తెలుగు కూడ అప్పుడప్పుడు తమాషాగా వుంటుంది. ఒకనాడు “దాటవేయి” అన్న మాట కనబడినది. దొడ్డమ్మ కళ్లజోడు సవరించుకుని, “ఇదేమిటిరా, నన్ను దాటవేయమంటున్నది? నేనెప్పుడైనా ఎవరి బాకీ అయినా దాటవేశానా?” అన్నది. ఇప్పటికి ఇది వదిలి ముందుకు పో అని దాని అర్థమని చెప్పడానికి చాలసేపు పట్టినది. ఇలా ఆమె చదవగా విని విని, మా అబ్బాయికి అచ్చులన్నీ, హల్లులలో కొన్నీ వచ్చాయి. అది మేము కోరకుండానే వచ్చిన లాభం.

చదవడమే రాని వారి మాట ఏమిటంటే, వారికీ దారి వున్నది. గూగులు వారు 2017లో తెలుగును కూడ ఫోను నోటిమాట విని గ్రహించే భాషల్లో చేర్చారు. మైకు బొమ్మను తాకి, “విశాఖపట్నం రైలు” అంటే చాలు, వెతికి పెడుతుంది. వాట్సాపులో ఉత్తరం వ్రాయడం రాకపోతే మాటే పంపవచ్చు. మా సంతలో అల్లం అమ్ముకునే ఒక గిరిజన స్త్రీ సంగతి చెబుతాను. ఆమెకు ఏ లిపీ రాదు. గళ్ల గళ్ల కోడు అట్ట ఒకటి బుట్టకు తగిలించుకున్నది. కొన్నవారు తమ ఫోను చూపి, “పంపాను చూడు” అంటే ఆమె చూడదు. పక్కనున్న మాట్లాడే పెట్టె “ఇరవై రూపాయలు” అని పలికిన తర్వాతనే అల్లం చేతికిస్తుంది. కొనేవాడి తెరను నమ్మరాదు, తన పెట్టెనే నమ్మాలి అన్న పాఠం ఆమెకు ఎవరు చెప్పారో గాని, అది మా ఆఫీసులో పదిమందికి తెలియదు.

మనలో పెద్దలు కొందరు, “ఈ వయస్సులో మాకెందుకయ్యా?” అంటారు. వారికి ఒక మాట జ్ఞాపకం చేస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు మన కొరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోని భాగమే. ఆ తర్వాత కాగితాలు ఒడియాలోకి మారాయి. మన తాతలు ముప్పై, నలభై యేళ్ల వయస్సులో ఒడియా నేర్చుకున్నారు. మన మామ్మలైతే బడి లేకుండానే, సంతలో వేలు పెట్టి చూపి, “ఇది ఎంత? అది ఎంత?” అని అడుగుతూ దేశియా మాట నేర్చుకున్నారు. తప్పు మాట్లాడితే సంతలో వాళ్లు నవ్వారేమో గాని, కసరలేదు. కసరనందువల్లనే భాష వచ్చినది. 1999లో సుగతా మిత్ర అనే ఆయన ఢిల్లీలోని కాల్కాజీలో ఒక గోడకు కన్నం చేసి, అందులో కంప్యూటరు పెట్టి వదిలేశాడు. పేటలోని పిల్లలు చెప్పేవారు లేకుండానే, ఒకరినొకరు చూసుకుని దాన్ని వాడడం నేర్చుకున్నారు. వాళ్లకూ కసరేవారు లేరు.

ఇక మూడవ చిక్కు భయం. “ఏదో నొక్కితే ఏదో పోతుంది” అన్నదే పెద్దల భయమంతా. ఆ భయం తప్పని నేననను. కాని దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పాలి. మా నందపూరులో పూర్వపు రాజుల ముప్పది రెండు మెట్ల సింహాసనం వున్నది. అది చూసినప్పుడల్లా విక్రమార్కుడి సింహాసనం కథ జ్ఞాపకం వస్తుంది. భోజరాజు మెట్టు ఎక్కబోయినప్పుడల్లా ఒక సాలభంజిక ఆపి ప్రశ్న వేస్తుంది గదా! ఫోను కూడ అంతే. అడుగడుగునా ఏదో అడుగుతుంది. దొడ్డమ్మకు నేను చెప్పినది ఇది: “చాల ప్రశ్నలకు తప్పు జవాబు చెప్పినా ఏమీ పోదు. వెనక్కి వచ్చే బాణం గుర్తు వుంటుంది, వెనక్కి రా. కాని రెండు ప్రశ్నల దగ్గర మాత్రం చేయి తీసి ఒళ్లో పెట్టుకో. ఒకటి, పిన్ను అడిగినప్పుడు. రెండు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు అడిగినప్పుడు.” ఫోనులో డబ్బు పంపే యూపీఐ పద్ధతి 2016లో వచ్చినది. దాని సూత్రం ఒక్కటి కంఠస్థం చేస్తే చాలు: డబ్బు పోవడానికే పిన్ను కావాలి, రావడానికి అక్కరలేదు. “మీకు డబ్బు వస్తుంది, పిన్ను కొట్టండి” అన్నవాడు దొంగ. ఇందులో సందేహం లేదు.

ఇప్పుడు నా సొంత కారణం మనవి చేస్తాను. ఈ సూత్రం నాకు పుస్తకంలో దొరికినది కాదు. 4,000 రూపాయలు పెట్టి కొనుక్కున్నాను. కొన్నేళ్ల కిందట ఒకనాడు ఆఫీసులో పని తొందరలో వుండగా ఫోను మోగినది. ఎవడో మర్యాదగా ఒడియాలో మాట్లాడి, నాకు రావలసిన సొమ్మేదో వున్నదన్నాడు. తెర మీద ఏదో వచ్చినది, పిన్ను కొట్టమన్నాడు, కొట్టాను. సొమ్ము రాలేదు, పోయినది. పదిమందికి దరఖాస్తులు వ్రాసిపెట్టే గుమాస్తాను, ఫోను విషయంలో ఇంట్లో వారికి పెద్ద పండితుణ్ణి, ఇలా అయినదని ఎవరితో చెప్పను? మూడు రోజులు మా ఆవిడకు కూడ చెప్పలేదు. అన్నం సయించలేదు. చెప్పేసరికి సమయం మించిపోయినది. 1930 అనే నంబరుకు వెంటనే ఫోను చేస్తే, దొంగ చేతికి చేరకముందే సొమ్మును బ్యాంకిలో నిలిపే అవకాశం వుంటుంది. ఇది గంటల మీద జరగవలసిన పని. నేను మూడు రోజులు సిగ్గు పడ్డాను. నా సొమ్ములో సగం దొంగ తిన్నాడనీ, సగం నా సిగ్గు తిన్నదనీ అనుకుంటాను.

దొడ్డమ్మ సంగతి విన్న రాత్రి నాకు తట్టినది ఇదే. నాలుగవసారి అడిగితే కసురుతారని తెలిసిన ముసలమ్మ, రేపు పదివేలు పోయిన రోజున మనతో చెబుతుందా? చెప్పదు. పెన్షను కాగితం మడిచి దిండు కింద పెట్టుకుని, నాలాగే అన్నం మానుకుంటుంది. నేర్చుకునేటప్పుడు మనం వేసిన కసురు పోగొట్టుకున్నప్పుడు నోరు నొక్కేస్తుంది. కనుక ఓపికగా నేర్పడం మర్యాద కోసం కాదు, ఇంటి భద్రత కోసం.

ప్రభుత్వం నేర్పలేదా అంటే, నేర్పినది. 2017లో గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అని పెట్టి, ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాల్లో ఇంటికొకరికి 20 గంటల పాఠం చెప్పాలని సంకల్పించారు. 2024 మార్చి 31తో ఆ పథకం ముగిసినది. మంచి పనే. కాని అందులో చేరడానికి వయస్సు 14 మొదలు 60 వరకే. మా దొడ్డమ్మ లాంటివారు ఆ గీతకు అవతల వుండిపోయారు. పెన్షను రుజువు వారికే కావాలి, పాఠం మాత్రం వారికి లేదు. వారి బడి మన అరుగే, మాస్టరు మన పిల్లవాడే.

మన తెలుగు కుటుంబాలకు నా విన్నపం ఇది. ఆదివారం పూట ఒక గంట పెట్టుకోండి. పెద్దవారి ఫోను పెద్దవారి చేతిలోనే వుండాలి. ఒక రోజు ఒక్కటే పాఠం. ముందు వారికి ఇష్టమైనది చెప్పండి. హైదరాబాదులో వున్న మనుమరాలి ముఖం చూడడం, భజన పాటలు వినడం వంటివి. మా దొడ్డమ్మ మొదట నేర్చుకున్నది మనుమరాలికి వీడియో కాలు చేయడమే. డబ్బు వ్యవహారం చివర. చెప్పిన వరుసను వారి మాటల్లోనే కాగితం మీద పెద్ద అక్షరాలతో వారి చేతనే వ్రాయించండి. తప్పు చేస్తే నవ్వండి గాని కసరకండి.

మన యిళ్లలో అక్షరాభ్యాసం చేసే తీరు తలచుకోండి. పళ్లెంలో బియ్యం పోసి, పెద్దవారు పసివాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తారు. అక్షరం వంకర పోతే బియ్యం మళ్లీ చదును చేస్తారు, మళ్లీ దిద్దిస్తారు. ఎవరూ “ఇలా తే” అని పళ్లెం లాక్కోరు. ఆ వేలు పట్టించుకున్న పసివాళ్లే పెరిగి ఇప్పుడు వేలు పట్టవలసిన వేళ వచ్చినది.

ఇంతకూ ఆనాటి ఉదయం సంగతి ముగించాలి. దొడ్డమ్మ ముఖం ఫోను రెండుసార్లు ఒప్పుకోలేదు. వెలుగు చాలలేదని మా అబ్బాయి నోటితోనే చెప్పాడు. ఆమె లేచి, పీట ఎండలోకి జరుపుకుని, మళ్లీ కూర్చున్నది. మూడవసారి ఒప్పుకున్నది. కాసేపటికి ప్రమాణ పత్రం నంబరు వచ్చినది. ఆ అంకెలు తన చేత్తో నోటు పుస్తకంలో ఎక్కించుకుని, నా వైపు తిరిగినది.

“వచ్చే ఏడు కూడ చెప్పాలా నాయనా?”

“ఏటా చెప్పాలి దొడ్డమ్మా.”

“అయితే ఏటా బతకాలన్నమాట” అని ఫోను కొంగుతో తుడిచి, బొడ్లో దోపుకుని లోపలికి పోయినది.

ఆనాడు నేను ఆఫీసుకు అరగంట ఆలస్యంగా పోయాను.